పురుగులు పట్టడానికి ఫీజు కట్టి పర్మిట్: మీకెలా అయింది?

పేడపురుగు:
ఫీజు కట్టి ఫారం చేతికి తీసుకున్నా. మొదటి గడిలోనే ఆగిపోయా. "ఏ జాతి, ఎన్ని?" అట. అది ముందే తెలిస్తే అడవికి పోవడం దేనికండీ? ఎవరైనా నింపారా దీన్ని?

దీపం_కింద:
నాదీ అదే గోల. రాత్రి తెల్లగుడ్డ కట్టి బల్బు వెలిగించాక ఏది వచ్చి వాలుతుందో ఎవరు చెప్తారు? చాలా చిమ్మటలకి పొట్ట కొస కోసి మైక్రోస్కోప్ కింద చూస్తే గానీ పేరు తేలదాయె. నేను జాతి పేరు బదులు పురుగుల కుటుంబం (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు) పేరు రాసి, "ఒక్కో రకం 10కి మించకుండా" అని పెట్టా. రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి ఒప్పుకునేసరికి వానాకాలం దాటిపోయింది.

నీలిరెక్క:
అయితే ఫీజే వద్దంటారా? క్వీన్ అలెగ్జాండ్రా బర్డ్‌వింగ్ అనే సీతాకోక ఉండేది పపువా న్యూగినీలో ఒక్క ఓరో ప్రావిన్స్‌లోనే. సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారంపై దేశాల ఒప్పందం) మొదటి అనుబంధంలో, అంటే దేశాల మధ్య అమ్మకూడని జాబితాలో పెట్టినా దొంగచాటుగా అమ్మేవాళ్లున్నారు.

పేడపురుగు:
వద్దనట్లేదు. చదువుకునే పిల్లాడికీ అమ్ముకునేవాడికీ ఒకే రేటు ఏంటని. వాడికి ఒక్క అరుదైన పెంకుపురుగు దొరికితే ఫీజు తిరిగొచ్చేస్తుంది.

పాతవల:
అదే పపువా న్యూగినీలో ఇంకో దారి పట్టారు. 1978లో బులోలో అనే ఊళ్లో ప్రభుత్వ సంస్థ పెట్టి ఊళ్లవాళ్ల దగ్గరే పురుగులు కొన్నారు. వాళ్లు పెరట్లో ఈశ్వరి జాతి తీగ నాటుతారు, బర్డ్‌వింగ్‌లు వచ్చి గుడ్లు పెడతాయి. ప్యూపా (గొంగళిపురుగు సీతాకోకగా మారే గూడు దశ) నుంచి అప్పుడే బయటికొచ్చిన సీతాకోకకి రెక్క అంచు చిరగదు కదా, కొనేవాడికీ అదే కావాలి. ఇక వల పట్టుకుని అడవంతా తిరగడం ఎందుకు? కాకపోతే ఇది సీతాకోకలకి కుదిరింది, మీ పేడపురుగులకి కుదరదు లెండి.

దీపం_కింద:
నాకు మండేది వేరే. చివర్లో పట్టినవాటి లెక్క అప్పజెప్పాలని షరతు. జాబితా పంపి రెండేళ్లయింది, అందిందన్న కబురు కూడా లేదు. లెక్క చూడనప్పుడు ఆ ఫీజుతో కాపాడేదేంటో!

పాతవల:
పేడపురుగు గారూ, మీరు పురుగులు పడేలా గుంట తవ్వి ఎర పెడతారుగా? చీమలు, తేళ్లు కూడా పడతాయి. వాటినీ ఫారంలో రాసెయ్యండి. నేను రాయలేదు, చెక్‌పోస్టులో సీసాలన్నీ విప్పించారు.

పేడపురుగు:
మంచిమాట చెప్పారు. చీమలు, తేళ్లు చేర్చి, కుటుంబం పేరుతోనే ఇవాళ పెట్టేశా. తిప్పి పంపితే మళ్లీ ఇక్కడికే వస్తా.