బ్యాలెన్స్ కట్టేశాక రా ఫైల్స్ అడిగితే ఇవ్వాలా, వద్దా?

తిరుపతి ఫ్రేమ్స్:
అందరికీ నమస్కారం. తిరుపతిలో నాకు చిన్న ఆఫీసు ఉంది. షాపులకు, లాడ్జిలకు వెబ్‌సైట్లు చేస్తాం. పెళ్లిళ్లకు ఫోటో, వీడియో తీస్తాం. పోయిన సీజన్‌లో తిరుచానూరులో ఒక పెళ్లి చేశాం. ఆల్బమ్, వీడియో ఇచ్చేశాం, బ్యాలెన్స్ కూడా వచ్చేసింది. ఇప్పుడు పెళ్లికొడుకు ఫోన్ చేసి, కెమెరాలో పడిందంతా కావాలి, ఎడిట్ చేయనివి కూడా ఇవ్వండి అంటున్నాడు. అడ్వాన్స్ తీసుకునేటప్పుడు ఈ మాట రాలేదు. నాకు ఇవ్వాలనే ఉంది. మా ఎడిటర్ ఒప్పుకోవడం లేదు. మీరెట్ల చేస్తున్నారు?

అలిపిరి లెన్స్:
ఇవ్వకూడదు. ఒకసారి ఇస్తే ఊరంతా అడుగుతారు. రా ఫైల్‌లో రంగు చప్పగా ఉంటుంది, దాన్ని సరిచేయడమే మన పని. ఫ్లాష్ పడని షాట్లు, కళ్లు మూసినవి, లైటు చూసుకోవడానికి నొక్కినవి, అన్నీ అందులోనే ఉంటాయి. అవి తీసుకెళ్లి వాళ్ల బావమరిదికి ఇస్తారు. అతను ఫోన్‌లో ఫిల్టర్ వేసి ఇన్‌స్టాలో పెట్టి మన పేరు ట్యాగ్ చేస్తాడు. చూసినవాళ్లు వీళ్ల పని ఇంతేనా అనుకుంటారు. పోయేది మన పేరు.

పలమనేరు కెమెరా:
ఇచ్చేయండన్నా. హార్డ్ డిస్క్ వాళ్లనే తెచ్చుకోమనండి.

చిత్తూరు నాన్న:
నేను స్టూడియో వాడిని కాదు, డబ్బు కట్టినవాణ్ణి. మా అమ్మాయి పెళ్లి చేశాను. ఫోటోలు చిన్న సైజులో పంపి, ఆల్బమ్‌కు కావలసినవి సెలెక్ట్ చేయమన్నారు. చేశాం. మిగతావి తర్వాత ఇస్తామన్నారు. అడిగినప్పుడల్లా రేపు, ఎల్లుండి అన్నారు. చివరికి కార్డులు ఫార్మాట్ చేసేశాం అన్నారు. వేలూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మ పిల్లలు, మా వీధివాళ్లు, అక్షింతలు వేసిన పెద్దవాళ్లు, వీళ్లలో సగం మంది ఆల్బమ్‌లో లేరు. ఆల్బమ్‌లో అందరూ పట్టరు, అది నాకూ తెలుసు. పట్టనివాళ్లను చెరిపేయమని ఎవరు చెప్పారు? మా ఇంటి పెళ్లి, మా చుట్టాల మొహాలు, మా డబ్బు. మీకేం అడ్డం?

అలిపిరి లెన్స్:
సార్, మీ బాధ అర్థమైంది. లెక్క కూడా చూడండి. 4కె వీడియోను 100 మెగాబిట్ల వేగంతో రికార్డు చేస్తే గంటకు 45 జీబీ. రిసెప్షన్, తెల్లవారుజామున ముహూర్తం, అప్పగింతలు కలిపి రెండు కెమెరాల మీద ఆరేసి గంటలు నడిస్తే 540 జీబీ. ఫోటోలు ఇంకా లెక్కలోకే రాలేదు. పాడైతే దిక్కుండదని రెండు కాపీలు పెట్టుకుంటాం. ఆ డిస్కుల ఖర్చు ఎవరు కడతారు?

చిత్తూరు నాన్న:
డిస్క్ నేనే కొని తెస్తానని ఆ రోజే చెప్పాను.

అలిపిరి లెన్స్:
కాపీ అయ్యేదాకా సిస్టమ్ ఖాళీ ఉండదు కదా సార్. బయటి డిస్క్ పెడితే వైరస్ భయం వేరే.

చిత్తూరు నాన్న:
రాత్రి కాపీకి పెట్టి ఇంటికి పోండి. పొద్దున్నే నేనొచ్చి తీసుకుంటాను.

గ్రీమ్స్‌పేట వాసి:
డ్రోన్ ఫుటేజ్ కూడా ఇందులోకే వస్తుందా? ఒక పార్టీ తిరుమల కొండ మీద ఎగరేయమంటున్నారు.

పలమనేరు కెమెరా:
కొండ మీద డ్రోన్ నిషేధం తమ్ముడూ. ఒప్పుకోవద్దు, అడ్వాన్స్ కూడా తీసుకోవద్దు.

సెక్షన్ చూడండి:
1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చదవండి. ఒకరు డబ్బిచ్చి చెప్పి తీయించుకున్న ఫోటోకు గానీ వీడియోకు గానీ మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవారే. వేరేగా ఒప్పందం ఉంటే తప్ప. పెళ్లి ఫోటోలు అచ్చం ఇందులోకే వస్తాయి. అంటే కాగితం రాసుకోని స్టూడియో, పెళ్లికూతురి ఫోటోను అడగకుండా తన పేజీలో ప్రచారానికి పెట్టుకోవడం కూడా తప్పే. ఇంకో సంగతి, హక్కు ఎవరిదో ఈ సెక్షన్ చెప్తుంది. ప్రతి ఫైలూ డిస్కులో వేసి చేతికివ్వాలని చెప్పదు. అది మీరు ముందుగా మాట్లాడుకోవలసిందే.

అలిపిరి లెన్స్:
చూశారా, ఇవ్వాలని చట్టం కూడా చెప్పడం లేదు. రా ఫైల్ అంటే నెగెటివ్ లాంటిది. ఫిలిం రోజుల్లో నెగెటివ్ ఎవరైనా ఇచ్చారా?

పుత్తూరు పాత స్టూడియో:
బాబూ, ఆ రోజుల్లో పని చేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. నెగెటివ్‌లు స్టూడియోలోనే ఉండేవి, ఆ మాట నిజం. అయితే కవర్ మీద పేరు, తేదీ రాసి బీరువాలో పెట్టేవాళ్లం. ఏళ్ల తర్వాత వచ్చి, మా నాయన పోయినాడు, పెళ్లిలో ఆయన ఉండే ఫోటో ఒకటి కావాలి అంటే వెతికి కడిగి ఇచ్చేవాళ్లం. దాచేవాళ్లం కాబట్టి నెగెటివ్ చేతికి ఇచ్చేవాళ్లం కాదు. మీరు ఇవ్వరు, దాచరు. ఈ రెండూ ఒక్కచోట కుదరవు.

అలిపిరి లెన్స్:
పెద్దవారు, మీ మాట కాదనను. అప్పుడు పెళ్లికి కొన్ని రీళ్లే. ఇప్పుడు వేల ఫోటోలు.

వెబ్ బైరాగిపట్టెడ:
నేను వెబ్‌సైట్లు చేస్తాను. మా దగ్గరా ఇదే గొడవ. నా దగ్గరికొచ్చిన ఒక లాడ్జి ఆయనకు పాత డిజైనర్ డొమైన్‌ను, అంటే సైట్ అడ్రసును, తన పేరుతోనే రిజిస్టర్ చేశాడు. సైట్ చవకగా చేసిచ్చి, తర్వాత రెన్యువల్‌కు ఏటేటా రెట్టింపు అడిగాడు. వేరేవాళ్లకు ఇచ్చుకుంటానంటే ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇవ్వలేదు. బోర్డు మీద, బిల్లుల మీద, కార్డుల మీద అన్నిటా ఆ అడ్రసే ఉంది, మార్చలేడు. నేను మాత్రం డొమైన్‌ను కస్టమర్ మెయిల్‌తో, కస్టమర్ పేరు మీదే కొనిస్తాను.

అలిపిరి లెన్స్:
డొమైన్ వేరు, ఫోటో వేరు. దీంట్లోకి దాన్ని లాగొద్దు.

వెబ్ బైరాగిపట్టెడ:
ఎట్ల వేరన్నా? రెండింట్లోనూ కస్టమర్ సొత్తు మన దగ్గర ఇరుక్కుపోతోంది.

అలిపిరి లెన్స్:
ఫోటో తీసేది నా చెయ్యి, నా కన్ను. డొమైన్ అంగట్లో కొనేది.

చిత్తూరు నాన్న:
ఇంత మాట్లాడారు, ఎందుకివ్వరో ఒక్కరూ నిజం చెప్పలేదు. మొదట పేరు పోతుందన్నారు, తర్వాత డిస్క్ అన్నారు, వైరస్ అన్నారు, నెగెటివ్ అన్నారు. మా అమ్మాయి ఫోటో మాత్రం మా పెళ్లి తీసిన స్టూడియో పేజీలో ఇంకా ఉంది, తీయమన్నా తీయలేదు. ఇది దొంగతనం కాకపోతే ఏమిటి? మీరంతా ఒకటే జాతి.

మోడరేటర్:
దొంగ, జాతి లాంటి మాటలు వద్దండీ. ఇంకోసారి వస్తే పోస్టు తీసేస్తాం.

అలిపిరి లెన్స్:
ఉండనివ్వండి, తీయొద్దు. నిజం కావాలన్నారు కదా సార్, చెప్తాను. పక్క స్టూడియో తక్కువ చెప్పాడని ప్రతి పార్టీ బేరం ఆడుతుంది. ఆ రేటుకు దిగితే క్యాండిడ్ తీసే కుర్రాడి కూలీ, వీడియో కెమెరా అద్దె, అసిస్టెంట్ల భోజనాలు, బండి ఖర్చు పోగా షూటింగ్‌లో నాకు ఏమీ మిగలదు. మిగిలేదంతా ఆల్బమ్‌లో. షీట్లు పెంచితే కొంత, రెండో ఆల్బమ్ వేస్తే కొంత, అత్తగారింటికి ఇంకో కాపీ చేస్తే కొంత. ఫైల్స్ మొత్తం చేతికిస్తే మీరు నేరుగా ల్యాబ్‌కే వెళ్లి చవకగా వేయించుకుంటారు. అప్పుడు నా ఇల్లు ఎట్ల గడుస్తుంది? దీంట్లో దొంగతనం ఎక్కడుంది?

చిత్తూరు నాన్న:
ఈ మాట మొదటి రోజే మా స్టూడియో ఆయన చెప్పి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు. ఆల్బమ్ రేటులో షూటింగ్ డబ్బు దాచారని నాకెట్ల తెలుస్తుంది? షూటింగ్‌కు ఇంత, ఫైల్స్‌కు ఇంత, ఆల్బమ్‌కు ఇంత అని విడివిడిగా రాసిచ్చి ఉంటే మూడూ కట్టేవాణ్ణి. కూతురి పెళ్లికి వెనకాడేవాణ్ణి కాదు.

అలిపిరి లెన్స్:
మీరు కడతారు. అందరూ కట్టరు. నేను విడిగా రాస్తే మొత్తం చూసి పక్క వీధికి పోతారు. అక్కడ అంతా కలిపి తక్కువే రాసుంటుంది.

పుత్తూరు పాత స్టూడియో:
పోయేవాళ్లు పోతారు బాబూ. బ్యాలెన్స్ దగ్గర గొడవ పడేదీ ఎక్కువగా వాళ్లే.

తిరుపతి ఫ్రేమ్స్:
అందరికీ థాంక్స్. ఈ పెళ్లికొడుక్కి ఇచ్చేస్తున్నాను. ముందుగా మాట్లాడుకోలేదు కాబట్టి డబ్బు అడగను. కళ్లు మూసినవి, లైటు చూసుకున్నవి తీసేసి మిగతావన్నీ వాళ్ల డిస్కులోనే వేస్తాను. కొత్త బుకింగ్‌లకు కొటేషన్ మారుస్తున్నా. ఫైల్స్ రేటు విడిగా, ఎన్ని నెలలు దాస్తామో విడిగా, మా పేజీలో ఫోటో పెట్టుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం విడిగా. వెబ్‌సైట్ల కొటేషన్‌లో డొమైన్ ఎవరి పేరు మీదో కూడా రాస్తున్నా. అలిపిరి అన్నా, మీరు చెప్పిన భయం నాకూ ఉంది. ఈ మాఘమాసం బుకింగ్‌లు ఎట్ల వచ్చాయో ఇక్కడే వచ్చి చెప్తాను.

అలిపిరి లెన్స్:
చెప్పు తమ్ముడూ. అప్పటిదాకా నేను మార్చను.

చిత్తూరు నాన్న:
ఆ ఒప్పంద కాగితం తయారయ్యాక ఇక్కడ పెట్టండి. మా చిన్నమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం.