గుండె ఐసీయూలో టీ3 తగ్గితే హార్మోన్ ఇవ్వాలా, వద్దా?

రోగి బంధువు:
మా బాబాయి బైపాస్ తర్వాత ఐసీయూలో ఉన్నారు. రిపోర్టులో థైరాయిడ్ హార్మోన్ టీ3 బాగా తక్కువ, థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే టీఎస్‌హెచ్ నార్మల్. ఇంతకుముందు థైరాయిడ్ సమస్య లేదు. టీ3 పడిపోయిన గుండె రోగులకు ప్రాణాపాయం ఎక్కువని చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్. తగ్గినదాన్ని భర్తీ చేయడానికి డాక్టరు గారు ఎందుకు వద్దంటున్నారు?

ఫార్మసిస్ట్:
ఇవ్వాలనే అంటాను. గుండె కండరం గట్టిగా ముడుచుకోవాలంటే టీ3 కావాలి. 1995లో బైపాస్ రోగులపై జరిగిన ట్రయల్‌లో టీ3 ఎక్కిస్తే గుండె పంపు చేసే రక్తం పెరిగింది.

ఐసీయూ డాక్టర్:
ఆ ట్రయల్ ఫలితం పూర్తిగా చెప్పాలి కదండీ. రక్తప్రసరణ మెరుగైంది, నిజమే. కానీ రోగులు కోలుకోవడంలో తేడా రాలేదు, మిగతా మందుల అవసరమూ తగ్గలేదు. మానిటర్ మీద అంకె పెరిగిందని మందు రాయలేం.

జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు శరీరం థైరాయిడ్ గ్రంథి నుంచి వచ్చే మరో హార్మోన్ టీ4ను టీ3గా మార్చడం తగ్గించి, పెద్దగా పనిచేయని రివర్స్ టీ3 వైపు మళ్లిస్తుంది. గ్రంథి బాగానే ఉంటుంది. టీ3 ఎంత పడిపోతే జబ్బు అంత తీవ్రమని అర్థం. మరణానికి అదే కారణమని దాన్నిబట్టి తేల్చలేం.

2023లో వచ్చిన అమెరికా ట్రయల్ చూడండి. బీపీ నిలవని 838 మంది బ్రెయిన్‌డెడ్ అవయవ దాతల్లో సగం మందికి లెవోథైరాక్సిన్ (మందు రూపంలోని టీ4), సగం మందికి సెలైన్ ఎక్కించారు. మార్పిడికి పనికొచ్చిన గుండెలు మందు వైపు 54.9 శాతం, సెలైన్ వైపు 53.2 శాతం. అంటే తేడా లేనట్టే. పైగా మందు అందిన వైపే తీవ్రమైన హైబీపీ, గుండెదడ ఎక్కువ. అప్పుడే కోత పడిన గుండెకు ఆ దడ మామూలు విషయం కాదు.

ఫార్మసిస్ట్:
మరి పసిపిల్లల సంగతి? 2010 ట్రయల్‌లో టీ3 ఇస్తే, గుండె ఆపరేషన్ తర్వాత 5 నెలల లోపు పిల్లలు వెంటిలేటర్ నుంచి త్వరగా బయటపడ్డారు.

ఐసీయూ డాక్టర్:
అవును, కానీ అదే ట్రయల్‌లో 5 నెలలు దాటిన పిల్లలకు ఆలస్యమైంది. అందుకే పెద్దవాళ్లకు ఆ లెక్క వర్తింపజేయను.

బాబాయిగారి విషయానికొస్తే, స్టెరాయిడ్లు, బీపీ నిలబెట్టే డోపమైన్ టీఎస్‌హెచ్‌ను తగ్గించి చూపిస్తాయి, గుండె లయ సరిచేసే అమియోడరోన్‌లో థైరాయిడ్‌పై ప్రభావం చూపే అయోడిన్ ఎక్కువ. ఇవేమైనా వాడుతున్నారేమో అడగండి. కోలుకున్న కొన్ని వారాలకు పరీక్ష మళ్లీ చేయించండి. ముందునుంచీ థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం ఐసీయూలో చేరగానే ఆ సంగతి చెప్పాలి, వాళ్లకు మాత్ర ఆగకూడదు.