లెటీసియాలో ఫ్యాను గదికి ఒక్క స్టార్ ఇచ్చాను. న్యాయమేనా, కాదా?

దివిసీమ_డల్లాస్:
క్రిస్మస్ సెలవులకి అమ్మానాన్నల్ని తీసుకుని కొలంబియా వెళ్ళాం. బొగోటా నుంచి రెండు గంటల విమానం, దిగితే లెటీసియా. అమెజాన్ ఒడ్డున, పెరూ, బ్రెజిల్ సరిహద్దుల్లో ఉన్న కొలంబియా చివరి ఊరు. అక్కడికి బయటి నుంచి రోడ్డు లేదు. విమానం ఎక్కాలి, లేకపోతే పడవ.

సంతాందేర్ పార్కు దగ్గర ఒక చిన్న హోటల్లో అమ్మానాన్నలకి ఫ్యాను గది తీసుకున్నాం. రాత్రికి 70 వేల పెసోలు, అంటే సుమారు 17 డాలర్లు. బాత్రూంలో ఒకటే పంపు, వేడి నీళ్ళ ఊసే లేదు. కిటికీకి అద్దం లేదు, దోమల జాలీ కొట్టారు. సాయంత్రం ఐదున్నర దాటిందంటే పార్కు చెట్ల మీదికి వేలకొద్దీ చిలకలు వచ్చి వాలతాయి, పక్కనున్న మనిషి మాట వినపడదు. తెల్లారకుండానే బైకుల మోత. ఇవన్నీ ఓర్చుకున్నాం. కానీ రాత్రి రెండింటికి కరెంటు పోయింది. జనరేటరు ఉంది, అయితే కింద హాల్లో ఫ్రిజ్‌కీ రెండు లైట్లకీ మాత్రమేనట. 72 ఏళ్ళ మనిషి తెల్లారేదాకా చెమటలో నానిపోయాడు.

ఒక్క స్టార్ ఇచ్చి, జరిగింది జరిగినట్టు రాశాను. దానికి ఇంకో గ్రూపులో నన్ను ఉతికి ఆరేశారు, పేదవాళ్ళ పొట్ట కొట్టానని. మీరు చెప్పండి.

నల్లకుంట_నాని:
వేడి నీళ్ళు లేవంటే లేవని రాయాలె. గంతే. ఒక్క స్టార్ కూడా ఎక్కువే.

గోదారిగట్టు:
లెటీసియాలో వేడి నీళ్ళు ఎవరికండీ? ఏడాది పొడుగునా పగలు 30 చుట్టూ ఉండే ఊరు. మిద్దె మీది ట్యాంకులో నీళ్ళు మధ్యాహ్నానికి వాటంతటవే గోరువెచ్చగా ఉంటాయి. నేను బ్రెజిల్లోని మనౌస్ నుంచి పడవలో ఉయ్యాల మంచం కట్టుకుని ఎదురెక్కి వచ్చాను, ఆ దారిలో వేడి నీళ్ళు అడిగినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు.

ఇక కరెంటు సంగతి. కొలంబియా దేశపు గ్రిడ్డు ఆ ఊరి దాకా రాదు. ఊరు మొత్తం డీజిల్ కరెంటు మీద బతుకుతుంది. దేశంలోపలి నుంచి పడవలో సరుకు రావాలంటే పుయెర్తో ఆసీస్ దగ్గర ఎక్కి, పుతుమాయో నది వెంట దిగి, బ్రెజిల్లో అమెజాన్‌లో కలిసి, అక్కణ్ణుంచి మళ్ళీ ఎదురెక్కి రావాలి. 2024 కరువులో నది బాగా తగ్గిపోయి ఇసుక తిన్నెలు బయటపడ్డాయి, పడవలు ఒడ్డుకి రాలేక జనం మూటలు మోసుకుని నడిచారు. అలాంటి చోట 17 డాలర్ల గదికి రాత్రంతా జనరేటరు వేస్తే ఆ డీజిల్ ఖర్చుకి గది అద్దె మిగలదు. మీరు ఒక్క స్టార్ ఇచ్చింది హోటలుకి కాదు, నదికి.

చిలకల మీద ఫిర్యాదైతే మరీ ఘోరం. ఆ చిలకల్ని చూడ్డానికే జనం డబ్బులిచ్చి పార్కు పక్కన చర్చి గోపురం ఎక్కుతారు.

నల్లకుంట_నాని:
జూన్, జులైల దక్షిణం నుంచి చలిగాలి కొడ్తది గదా అక్కడ. 20 డిగ్రీల కిందికి పడ్తది. అప్పుడు వేడి నీళ్ళు వద్దా?

గోదారిగట్టు:
ఆయన వెళ్ళింది డిసెంబర్లో నాని గారూ.

నల్లకుంట_నాని:
హోటల్ డిసెంబర్ల ఒక్కటే నడుస్తదా మరి? జూన్ల కూడ ఉంటది గద.

చరిత్రపిచ్చోడు:
ఈ ఊరి కోసం 1932లో పెరూ, కొలంబియా యుద్ధం చేసుకున్నాయి. ఆ సెప్టెంబర్ 1న పెరూవాళ్ళు వచ్చి లెటీసియాని ఆక్రమించారు. 1933 జూన్ నుంచి ఏడాది పాటు నానాజాతి సమితి ఊరిని పాలించి, తర్వాత కొలంబియాకి అప్పగించింది. ఇప్పటికీ ఎదురుగా ఉన్న సాంతా రోసా దీవి గురించి గొడవే, 2025లో పెరూ దాన్ని జిల్లా చేస్తే అప్పటి కొలంబియా అధ్యక్షుడు పెట్రో ఒప్పుకోలేదు.

మిరపబజ్జీ:
సార్, ఇది బాత్రూం గురించి జరుగుతున్న చర్చ.

సత్తుపల్లి_సారు:
ఒక మాట చెప్పాలి. మా నాన్న భద్రాచలంలో చిన్న లాడ్జి నడిపేవాడు. పది గదులు. శ్రీరామనవమికి జనం కిటకిటలాడేవాళ్ళు. వేడి నీళ్ళు బక్కెట్లో కాచి, కుర్రాడి చేత మెట్లెక్కించి గది గదికీ పంపేవాడు. ఫోన్లలో రేటింగులు వచ్చాక ఒక పెద్దమనిషి, కుటుంబంతో వచ్చి మూడు పూటలు ఉండి, పోతూ పోతూ "బక్కెట్ నీళ్ళు, ఆటవిక లాడ్జి" అని రాసి ఒక్క స్టార్ పెట్టాడు. మా నాన్నకి చదువు రాదు, నన్నే చదివి వినిపించమన్నాడు. నేను "బాగుందని రాశాడు నాన్నా" అన్నాను. రెండేళ్ళకి అమ్మేశాం. అప్పట్నుంచీ ఒక్క స్టార్ ఇచ్చినవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మీరు ఎవరో నాకు తెలియదు, మీ మీద కోపం కూడా లేదు. కానీ మండుతుంది.

దివిసీమ_డల్లాస్:
సారూ, మీ నాన్నగారు బక్కెట్‌లో నీళ్ళు కాచి పంపించారు. వీళ్ళు అదీ చెయ్యలేదు. మీ కథ నా వైపే మాట్లాడుతోంది.

గోదారిగట్టు గారికి: నదిని అర్థం చేసుకుని పడుకోవడానికి నాన్న రాలేదు. బుకింగ్ పేజీలో "24 గంటల విద్యుత్" అని ఉంది. లేదని రాసి ఉంటే నేను అక్కడ తీసుకునేవాణ్ణి కాదు. నా పాయింటు ఇదొక్కటే. డీజిల్ ఎటు తిరిగి వస్తే నాకెందుకు?

గోదారిగట్టు:
అమెజాన్ చూడాలంటే డీజిల్ ఎటు తిరిగొస్తుందో కూడా చూడాలి. లేకపోతే డల్లాస్‌లో అక్వేరియం ఉంది.

దివిసీమ_డల్లాస్:
అదిగో, మొదలైంది. ఉయ్యాల మంచంలో పడుకున్నవాడే అసలు యాత్రికుడు, మిగతావాళ్ళం షాపింగ్ మాల్ జనం. మీరు పెళ్ళి కాకముందు తిరిగారు, ఒంటిగా తిరిగారు. షుగరు మాత్రలు, మోకాలి పట్టీలు మోసుకుంటూ, అన్నం దొరుకుతుందో లేదో అని చూసుకుంటూ తిరిగి మాట్లాడండి.

శ్రావణమేఘం:
అన్నానికి మాత్రం ఇబ్బంది ఉండకూడదే. అక్కడ అన్నం, చేప, అరటికాయ వేపుడు ప్రతి హోటల్లో ఉంటాయి.

దివిసీమ_డల్లాస్:
నాన్న చేప తినరు.

ట్యాంక్‌బండ్_బుజ్జి:
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరా? మా వాళ్ళు హైదరాబాద్ నుంచి వస్తున్నారు.

గోదారిగట్టు:
వేయించండి. కొలంబియా, పెరూ, బ్రెజిల్ మూడూ మన ప్రభుత్వం ఎల్లో ఫీవర్ జాబితాలో ఉన్నాయి. ఆ దేశం వదిలిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే, కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. టీకా పని చేయడానికి పది రోజులు పడుతుంది, కాబట్టి చివరి నిమిషం దాకా ఆగకండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. 60 దాటినవాళ్ళకి ముందు డాక్టర్ని అడగాలి.

హ్యూస్టన్_హరిదాసు:
ఇన్ని పోస్టులు చదివి ఊరుకున్నాను. ఇక ఊరుకోను. నేను దివిసీమ వాళ్ళ బావని. ఆ రాత్రి లెటీసియాలోనే ఉన్నాను.

బావమరిదీ, రెండు వీధుల అవతల ఇంకో హోటల్ ఉంది. ఏసీ ఉంది, ప్రతి గదికీ జనరేటర్ లైను ఉంది. మేమూ పిల్లలూ అక్కడే పడుకున్నాం. రాత్రి కరెంటు పోయిన సంగతి కూడా మాకు తెలియలేదు. ఆ ముక్క ఎందుకు రాయలేదు? రెండోది, కరెంటు పోయిన పావుగంటకి ఆ హోటల్ పెద్దావిడ తన సొంత ఛార్జింగ్ ఫ్యాను తెచ్చి మావయ్యగారి మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. అత్తయ్య పొద్దున చెప్పారు. ఆవిడ తడిపిచ్చిన తువ్వాలుని అత్తయ్య కిటికీ జాలీకి కట్టారు, గాలి చల్లగా వస్తుందని. నువ్వు ఇచ్చిన ఒక్క స్టార్‌లో ఈ ఫ్యాను ఎక్కడుంది?

మిరపబజ్జీ:
కుర్చీ జరుపుకున్నాను.

దివిసీమ_డల్లాస్:
ఫ్యాను తెచ్చింది నిజమే. అరచేతంత ఫ్యాను. గంటలో ఛార్జింగ్ అయిపోయింది. బావా, ఇంటి సంగతులు ఇక్కడ మాట్లాడటం బాగోదు.

హ్యూస్టన్_హరిదాసు:
నువ్వు మీ నాన్న చెమట గురించి ఊరందరికీ రాసినప్పుడు బాగుంది కదా?

ఆ రెండో హోటల్లో మావయ్యగారికి కూడా గది తీసుకుందామన్నాం. రాత్రికి లక్షా 80 వేల పెసోలు, అంటే 45 డాలర్లు. మేమే కడతామన్నాం. నువ్వేం చేశావు? ఎయిర్‌పోర్టులో టూరిస్టు పన్ను కట్టే లైన్లో నిలబడి, ఆయనతో "నాన్నా, బావ వాళ్ళు చూసిన గది రాత్రికి లక్షా 80 వేలట" అన్నావు. పెసోలని చెప్పలేదు. ఆయన గుండె మీద చెయ్యేసుకుని "ఒక్క రాత్రికా? మన రేపల్లె పొలం కౌలు అంత లేదురా" అన్నారు.

నల్లకుంట_నాని:
లక్షా 80 వేలు! 😂😂 అందుల వేడి నీళ్ళు వస్తయా?

దివిసీమ_డల్లాస్:
పెసోలని చెప్పాను. రెండుసార్లు చెప్పాను. నాన్న సంగతి నీకు తెలియదు బావా. ఆయనకి పెసో అన్నా, డాలరన్నా, చివరికి రూపాయిలోకి మార్చే చెప్పాలి. 3,800 అని చెప్పినా ఒప్పుకునేవారు కాదు. మొన్న డల్లాస్‌లో ఆరు డాలర్ల కాఫీ కొంటే అది చల్లారిపోయేదాకా లెక్క వేశారు, తాగలేదు.

పైగా ఆయన వద్దన్నది ధర గురించి కాదు. నాతో ఏమన్నారో చెప్పమంటావా? "అల్లుడి డబ్బుతో పడుకోవడం ఏంట్రా, నువ్వు తీసుకున్న గది చాలు" అన్నారు. నేనేం చెయ్యాలి? కాదు నాన్నా, బావగారి ఏసీలో పడుకో అనాలా?

శ్రావణమేఘం:
ఒక్క నిమిషం. మీ అక్కగారు ఉద్యోగం చేస్తున్నారా?

హ్యూస్టన్_హరిదాసు:
చేస్తోంది. నాకంటే ఎక్కువ సంపాదిస్తోంది. ఆ గది బుక్ చెయ్యడానికి తీసింది కూడా తన కార్డే.

శ్రావణమేఘం:
మరి అది "అల్లుడి డబ్బు" ఎలా అయ్యింది?

దివిసీమ_డల్లాస్:
మేడం, అది నాన్న మాట. నా మాట కాదు.

శ్రావణమేఘం:
ఆ మాట విని మీరు ఊరుకున్నారు కదా. మా ఇంట్లోనూ ఇంతే. అమ్మ మోకాలి ఆపరేషన్‌కి నేను డబ్బు పంపితే మా అన్నయ్య తిప్పి పంపేశాడు. "ఊళ్ళో ఏమనుకుంటారు" అని. ఆపరేషన్ ఎనిమిది నెలలు వెనక్కి పోయింది. అమ్మ ఎనిమిది నెలలు కుంటింది. ఊళ్ళో వాళ్ళు ఏమీ అనుకోలేదు, వాళ్ళకి తెలియనే తెలియదు.

మీరు హోటల్‌కి ఒక్క స్టార్ ఇచ్చారు. ఆ స్టార్ ఎవరికి ఇవ్వాలో నేను చెప్పను.

దివిసీమ_డల్లాస్:
చెప్పనక్కర్లేదు, అర్థమైంది. ఏటా నాలుగు నెలలు అమ్మానాన్న నా దగ్గర ఉంటారు. మందులు, ఇన్సూరెన్సు, గుళ్ళు, అన్నీ నేనే. అక్కా బావా సెలవుల్లో వచ్చి 45 డాలర్ల గది చూపిస్తే వాళ్ళు మంచివాళ్ళు, నేను పిసినారిని. ఒక రాత్రి ఏసీ పెట్టడం తేలిక బావా.

హ్యూస్టన్_హరిదాసు:
నాలుగు నెలలు మా దగ్గరా ఉంచుకుంటాం అని ప్రతి ఏడూ అడుగుతున్నాం. "కూతురింట్లో అన్ని రోజులు బాగోదు" అని ఎవరంటున్నారు, మావయ్యగారా, నువ్వా?

అడ్మిన్:
ఇద్దరూ ఫోన్ చేసుకోండి. ఇక్కడ హోటల్ గురించి మాత్రమే.

సత్తుపల్లి_సారు:
హోటల్ గురించే అడుగుతున్నా. ఆ పెద్దావిడకి ఆ రివ్యూ ఎవరైనా చదివి వినిపించారా?

దివిసీమ_డల్లాస్:
స్పానిష్‌లో జవాబు పెట్టింది. సెనోర్‌కి, అంటే నాన్నకి, ఒంట్లో ఎలా ఉందని అడిగింది. రివ్యూ మార్చను. 24 గంటల విద్యుత్ అని రాశారు, లేదు. నేను రాసిందాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు.

గోదారిగట్టు:
ఫ్యాను సంగతి కూడా అబద్ధం కాదు కదా, అదీ రాయండి. స్టార్లు అలాగే ఉంచుకోండి.

ట్యాంక్‌బండ్_బుజ్జి:
అన్నా, ఆ జనరేటరున్న హోటల్ పేరు పర్సనల్ మెసేజ్‌లో పెడతారా? మార్చిలో అమ్మానాన్నలతో వెళ్తున్నాం.

హ్యూస్టన్_హరిదాసు:
పెట్టాను. మీ నాన్నగారికి ధర చెప్పకండి.

దివిసీమ_డల్లాస్:
చెప్పకపోతే కౌంటర్లో బిల్లు ఆయనే అడిగి తీసుకుంటారు. మా నాన్న అదే చేశారు. "మిల్" అంటే వెయ్యి అని మూడో రోజుకే పట్టేశారు.