బిట్‌కాయిన్ భద్రతకు అంత కరెంటు ఎందుకు?

ప్రశ్న (కర్నూలు): మనకు దగ్గర్లో గని, శకునాల గ్రామాల భూముల్లో వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణెం నడవాలంటే అలాంటివి చాలా కావాలని చెబితే, లావాదేవీలు రాసుకోవడానికి అంత కరెంటు దేనికని మా విద్యార్థులు అడిగారు. వారికి ఏమని వివరించాలి?

జవాబు (అనంతపురం): మాస్టారూ, రాసుకోవడానికే అయితే మామూలు కంప్యూటర్లు చాలు. విద్యుత్తు ఖర్చయ్యేది, రాసినదాన్ని ఆ తరువాత ఎవరూ దిద్దలేకుండా చేయడానికి. లావాదేవీలను బ్లాకులనే కట్టలుగా చేర్చడానికి కంప్యూటర్లతో పోటీపడేవారిని మైనర్లు అంటారు. వారు బ్లాకులోని ఒక సంఖ్యను మార్చుకుంటూ, ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణిత పద్ధతితో వేసే లెక్క ఫలితం నిర్ణీత హద్దు కంటే తక్కువ వచ్చేదాకా ప్రయత్నిస్తూనే ఉంటారు. ఇందులో అడ్డదారి లేదు. అయితే దొరికిన జవాబు సరైనదో కాదో ఎవరైనా క్షణంలో సరిచూడగలరు. పాత బ్లాకును మార్చదలచినవాడు దానితోపాటు ఆపై చేరిన బ్లాకులన్నింటికీ ఇదే శ్రమ మళ్లీ పడి, ఆలోగా ముందుకు సాగిపోతున్న మిగతా మైనర్లందరినీ దాటిపోవాలి. ఆ ఖర్చే ఇక్కడ కాపలా.

పిల్లలకు తప్పక చెప్పవలసిన సంగతి మరొకటి ఉంది. కరెంటు పెంచితే లావాదేవీలు పెరగవు. సుమారు 10 నిమిషాలకు ఒక బ్లాకు వచ్చేలా ప్రతి 2016 బ్లాకులకూ లెక్క కష్టస్థాయి దానంతటదే సర్దుకుంటుంది. 2021లో చైనా మైనింగ్‌ను, అంటే మైనర్లు చేసే ఈ పనిని, నిషేధించినప్పుడు ఎన్నో యంత్రాలు ఆగిపోయి కష్టస్థాయి బాగా పడిపోయినా బిట్‌కాయిన్ ఆగలేదు. అంటే తక్కువ కరెంటుతోనూ అది నడుస్తుంది, కానీ దాడికి అయ్యే ఖర్చు కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ప్రశ్న (కడప): అయితే, 2022 సెప్టెంబరులో మైనింగ్ మానేసిన ఎథీరియం అనే మరో క్రిప్టో వ్యవస్థకు భద్రత లేనట్టేనా సార్?

జవాబు (అనంతపురం): లేకపోలేదండి. అక్కడ కాపలా ఖర్చు కరెంటు నుంచి పూచీకత్తుకు మారింది. బ్లాకులను ధ్రువీకరించేవారు కనీసం 32 ఈథర్ (ఎథీరియం నాణెం) తాకట్టు ఉంచాలి. మోసం చేస్తే అందులో కోత పడుతుంది. దీంతో విద్యుత్ వాడకం 99 శాతానికి పైగా తగ్గింది. నా దృష్టిలో అసలు ప్రమాదం, మైనింగ్ మీదే ఆధారపడుతూ తగినంత మైనింగ్ బలం లేని చిన్న నాణేలది. ఎథీరియం నుంచి విడిపోయి మైనింగ్‌తోనే నడిచే ఎథీరియం క్లాసిక్ అనే నాణెం మీద 2020 ఆగస్టులో వరుస దాడులు జరిగి, ఖాయమనుకున్న లావాదేవీలు తారుమారయ్యాయి. అటువంటి నాణెంలో సొమ్ము అందుకుంటే, బిట్‌కాయిన్‌కు వాడుకలో ఉన్న ఆరు కన్ఫర్మేషన్లతో (లావాదేవీ ఉన్న బ్లాకుతో కలిపి ఆరు బ్లాకులు చేరడంతో) తృప్తిపడక, ఇంకా చాలా బ్లాకులు చేరేదాకా ఆగి, ఆ తరువాతే సరుకు అప్పగించండి.