టర్బో సెడాన్: మాన్యువలా, డ్యూయల్ క్లచ్చా? గువ్వలచెరువు ఘాట్ ఎక్కేవాళ్లు చెప్పండి

కడప టర్బోగాడు:
అందరికీ నమస్తే. మాది కడప. పదకొండేళ్ల డీజిల్ స్విఫ్ట్ ఇచ్చేసి కొంచెం జోరున్న పెట్రోల్ సెడాన్ తీసుకుందామని ఫిక్స్ అయినా. లిస్టులో రెండే ఉండాయి, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5 టీఎస్ఐ (పవర్ 150 పీఎస్, టార్క్ అంటే గుంజే బలం 250 ఎన్‌ఎం), హ్యుందాయ్ వెర్నా 1.5 టర్బో (160 పీఎస్, 253 ఎన్‌ఎం). ఏ బండి అనే గొడవ ఇంట్లో తేల్చుకుంటా, ఇక్కడ నా డౌటంతా గేర్‌బాక్స్ మీదే. రెండిట్లోనూ 6 స్పీడ్ మాన్యువల్ ఉంది, 7 స్పీడ్ డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ ఉంది.

నా వాడకం ఏందంటే, వారంలో ఐదు రోజులు ఏడురోడ్లు, అప్సరా సర్కిల్ మీదుగా ఆఫీసు, పోను రాను ఎనిమిది కిలోమీటర్లు. శనివారం రాయచోటి (అత్తగారి ఊరు) గువ్వలచెరువు ఘాట్ మీద. నెలకోసారి అదే రోడ్డున మదనపల్లె నుంచి బెంగళూరు. నాకు గేర్లు వేయడం ఇష్టం, అబద్ధం చెప్పను. కానీ షోరూమ్‌కి పోతే సేల్స్ పిల్లోడు "ఇప్పుడు మాన్యువల్ ఎవరు కొంటాండారు సార్" అని నన్ను మ్యూజియంలో బొమ్మను చూసినట్టు చూసినాడు. మా ఆవిడ కూడా బండి నడుపుతాది, ఆమెకి ఏదైనా ఓకే. చెప్పండి అన్నలూ.

రాజ్‌విహార్ రాజు:
ఆటోమేటిక్ తీస్కో. ఎడమ మోకాలు నీకు దండం పెడతాది. థ్రెడ్ క్లోజ్.

గుత్తిరోడ్డు డ్రైవర్:
పై అన్నకి అంత తొందర దేనికో. నాది అనంతపురం, మూడేళ్లుగా టర్బో పెట్రోల్ మాన్యువల్ వాడతాండా, బండి పేరు వద్దులే. హైవే సంగతి ముందు పక్కన పెట్టు బ్రో, అనంతపురం నుంచి కర్నూలు దాకా 44వ నంబర్ రోడ్డులో ఆరో గేర్ ఏసి మర్చిపోవడమే, కాసేపల్లి టోల్ కాడ, అమకతాడు టోల్ కాడ తప్ప చేతికి పనే ఉండదు, అక్కడ ఏ గేర్‌బాక్స్ అయినా ఒకటే. తేడా అంతా ఘాట్‌లోనే తెలుస్తాది.

గువ్వలచెరువు నేనూ చాలాసార్లు ఎక్కినా. ముందు పదహారు చక్రాల లారీ పదిహేను స్పీడ్‌లో మూలుగుతా పోతాంటాది, మలుపు అవతల ఏముందో కనపడదు, ఓవర్‌టేక్ అనే ఆలోచనే పెట్టుకోకూడదు. అప్పుడు మాన్యువల్‌లో ఏమైతాదంటే సెకండ్ ఏస్తే ఇంజన్ దడదడ కొట్టుకుంటాది, ఫస్ట్ ఏస్తే గీ మని అరుస్తాది. ఈ చిన్న టర్బో ఇంజన్లకి 1500 ఆర్‌పీఎం కింద ప్రాణమే ఉండదు, నీ డీజిల్ స్విఫ్ట్ లాగా మెల్లగా గుంజుకుంటా పోదు, అది మర్చిపో. దాంతో మనకి తెలీకుండానే హాఫ్ క్లచ్‌కి (పెడల్ సగం తొక్కి పట్టి నడపడానికి) అలవాటు పడతాం. నేను మొదటి ఏడాది అట్లే తొక్కి తొక్కి, ఒకరోజు ఘాట్ పైన దిగితే కాలిన వాసన, మా నాయన "ఎవరో టైర్లు కాలుస్తాండారు" అన్నాడు. టైర్లు కాదు నాయనా అని చెప్పేకి నోరు రాలా.

ఇప్పుడైతే లారీకి బాగా గ్యాప్ ఇచ్చి ఫస్ట్‌లోనే పాదం పూర్తిగా తీసేసి పోతా, అరిస్తే అరవనీ. కానీ లారీలు లేని రోజు, పొద్దున ఆరింటికి, అదే ఘాట్‌లో సెకండ్ నుంచి థర్డ్‌కి, మళ్లీ మలుపులో సెకండ్‌కి... ఆ సుఖం నీకు ఆటోమేటిక్ స్టీరింగ్ వెనకాల వేలుతో గేర్ మార్చే ప్యాడిల్స్‌లో దొరకదు. నెలకి రెండు పొద్దుల సుఖం కోసం మిగతా ఇరవై ఎనిమిది రోజులు క్లచ్ తొక్కగలవా అనేది నువ్వు తేల్చుకోవాల.

షెడ్డు మామ (కర్నూలు):
గేర్‌బాక్స్ పని మీదే బతుకుతాండా కాబట్టి నాలుగు మాటలు. అందరూ ఆటోమేటిక్ ఆటోమేటిక్ అంటాండారు గానీ డ్యూయల్ క్లచ్ అంటే రెండు క్లచ్‌లున్న మాన్యువలే సామీ, తొక్కే కాలు కంప్యూటర్‌ది, అంతే. ఒక క్లచ్ 1, 3, 5, 7 చూసుకుంటాది, రెండోది 2, 4, 6. నువ్వు మూడులో పోతాంటే నాలుగు అవతల ముందే రెడీగా పెట్టుకోని ఉంటాది, ఒక క్లచ్ వదలడం ఇంకోటి పట్టడం ఒకేసారి అయిపోతాది, అందుకే ఆ స్పీడ్. మన చేతికి అది సాధ్యం కాదు, ఒప్పుకోవాల.

ఇబ్బంది యాడంటే, నువ్వు చెప్పిన రెండు బండ్లలోనూ డ్రై క్లచ్చే. ఆయిల్‌లో మునిగిన క్లచ్ కాదు. మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ బండి అయితే మెల్లగా పాకేటప్పుడు మధ్యలో ఆయిలే తిరుగుతా ఉంటాది, అరిగేది ఏం ఉండదు. దీంట్లో పాకేటప్పుడు కంప్యూటర్ కూడా గుత్తిరోడ్డు అన్న చేసినట్టే హాఫ్ క్లచ్ చేస్తాది, వేడి పోయేకి గాలి తప్ప దారి లేదు. ఎండాకాలం మన కడపలో ఆ గాలి ఎట్లుంటాదో చెప్పక్కర్లా.

ఇంకో మాట. ఎగువలో బ్రేక్ ముట్టకుండా యాక్సిలరేటర్ కొంచెం నొక్కి పట్టి బండిని ఆపుతారు చూడు, దానికి మించిన పాపం లేదు. బ్రేక్ గట్టిగా తొక్కితే క్లచ్ పూర్తిగా విడిపోతాది, అరుగుదల సున్నా. లారీ ఇరవై మీటర్లు పోనీ, అప్పుడు వదిలి ఒకేసారి పోయి మళ్లీ ఆపు. రెండ్రెండు అడుగులు పాకొద్దు. ఇంట్లో వాళ్లకి కూడా ఇదొక్కటి నేర్పించు, ఈ అలవాటు ఉంటే డ్యూయల్ క్లచ్ గురించి భయపడే పని లేదు.

వారంటీ ఎక్స్‌టెన్షన్ మాత్రం కచ్చితంగా తీసుకో. మా షెడ్డుకి వచ్చినవి చూసే చెప్తాండా.

పెనుకొండ పిల్లోడు:
మామా సూపర్ గా చెప్పినావ్ 🙏 కానీ మజా సంగతి ఎవరూ మాట్లాడరేం. పోర్షే వాళ్లు 2013లో 911 జీటీ3 స్పోర్ట్స్ కారుని పీడీకే (వాళ్ల డ్యూయల్ క్లచ్) గేర్‌బాక్స్‌తో మాత్రమే ఇచ్చినారు, మాన్యువల్ తీసేసినారు. జనం గోల గోల. 2017లో మళ్లీ పెట్టినారు. కంపెనీ లెక్కే చూడు, 0 నుంచి 100కి పీడీకేకి 3.4 సెకన్లు, మాన్యువల్‌కి 3.9. అర సెకను లేట్ అని తెలిసి కూడా కొన్నారు కదా!

మధ్యే మార్గం కావాలంటే మా ఊరి కియా ఫ్యాక్టరీలోనే చేసిన సోనెట్‌లో 2020లో ఐఎంటీ అనే గేర్‌బాక్స్ వచ్చింది, క్లచ్ పెడల్ ఉండదు, గేర్ రాడ్ మాత్రం మనమే వేయాల. నాకైతే నచ్చలా, తాళి కట్టి కాపురం చేయనట్టు ఉంటాది 😂

రాజ్‌విహార్ రాజు:
జీటీ3 వాడికి అత్తగారి ఊరు రాయచోటి కాదు తమ్ముడూ.

కడప టర్బోగాడు:
రాజన్నా 😂😂 షెడ్డు మామా, రెండు డౌట్లు. ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ బ్రేకింగ్ (చిన్న గేర్‌లో ఇంజనే బండి స్పీడ్‌ని పట్టి ఉంచడం) డ్యూయల్ క్లచ్‌లో వస్తాదా? స్విఫ్ట్‌లో నేను సెకండ్‌లో పెట్టి దిగేవాణ్ణి. ఇంకోటి, ఫ్రెండ్ బండిలో చూసినా, సింగిల్ రోడ్డులో లారీని దాటుదామని అడుగు దాకా తొక్కితే ఒక క్షణం ఏం చేయకుండా ఆలోచించి తర్వాత ఎగిరింది. ఆ క్షణంలో నా గుండె ఆగింది.

షెడ్డు మామ (కర్నూలు):
దిగేటప్పుడు డీ (డ్రైవ్)లో పెట్టి వదిలేస్తే మైలేజీ కోసం పై గేర్లకి పోయే రకం. రాడ్ పక్కకి తోసి మాన్యువల్ మోడ్‌లో 2 గానీ 3 గానీ పెట్టుకో, స్విఫ్ట్ లాగే పట్టుకుంటాది, మధ్యలో కన్వర్టర్ లేదు కదా.

రెండోది మంచి ప్రశ్న. అది ఆలోచించడం కాదు, దాని అంచనా తప్పింది. నువ్వు ఆరులో మెల్లగా పోతాంటే అది ఐదో ఏడో రెడీ పెట్టుకోని ఉంటాది. నువ్వు ఠక్కున తొక్కితే దానికి నాలుగు కావాల. ఆరు, నాలుగు రెండూ ఒకే క్లచ్ మీదివి, కాబట్టి ఆ సర్దుబాటుకి టైమ్ పడతాది. దానికి తోడు టర్బో నిద్ర లేవాల. మందు ఒకటే, లారీ వెనకాల ఉన్నప్పుడే ఎడమ ప్యాడిల్ రెండుసార్లు నొక్కి నాలుగులో సిద్ధంగా ఉండు, రోడ్డు ఖాళీ అయినాక తొక్కు. మాన్యువల్‌లో నువ్వు ముందే నాలుగులో పెట్టుకోవా ఏంది? అదే పని, చేత్తో కాకుండా వేలుతో.

గుత్తిరోడ్డు డ్రైవర్:
మామ మాట విన్నాక నాకే మనసు మారేట్టు ఉంది, ఛ.

కడప టర్బోగాడు:
అప్‌డేట్. నిన్న డ్యూయల్ క్లచ్ టెస్ట్ డ్రైవ్ అయింది. ఘాట్‌కి పోదామంటే సేల్స్ పిల్లోడు ససేమిరా అన్నాడు, రింగ్ రోడ్డులో నాలుగు కిలోమీటర్లు తిప్పి తెచ్చినారు. ఎస్ (స్పోర్ట్) మోడ్‌లో ఒకసారి తొక్కినా, మా ఆవిడ వెనక నుంచి "దీన్నే తీసుకుందాం, కానీ నువ్వు నడపొద్దు" అనింది. నా ఎడమ కాలు మాత్రం సిగ్నల్ వచ్చిన ప్రతిసారీ లేని క్లచ్‌ని వెతుక్కుంది, ఒకసారి బ్రేక్ మీద పడి అందరం ముందుకి ఊగినాం.

మాన్యువల్ డెమో బండి రెండు షోరూముల్లోనూ లేదు. తొక్కి చూడకుండా వద్దనుకోవడం మాత్రం నాకు ఇష్టం లేదు. కడప చుట్టుపక్కల ఎవరిదైనా మాన్యువల్ వర్టస్ గానీ వెర్నా టర్బో గానీ ఉంటే ఒక ఆదివారం పొద్దున ఘాట్ దాకా పోయొద్దాం, పెట్రోల్ నాది, గువ్వలచెరువులో పాలకోవా కూడా నాదే.

రాజ్‌విహార్ రాజు:
నాది మాన్యువల్ వర్టసే. కోవా కిలోనా అరకిలోనా, అది చెప్పు ముందు.

గుత్తిరోడ్డు డ్రైవర్:
ఓరి నీ! పైన థ్రెడ్ క్లోజ్ అన్నది నువ్వే కదయ్యా!