కోమ్ ఓంబో గుడి నమూనా: ఇద్దరు దేవుళ్ళకు స్తంభాలు ఎట్లా నిలబెట్టాల?

కడప_సోషల్ టీచర్:
మా ఎనిమిదో తరగతి పిల్లలు ఎగ్జిబిషన్‌కు ఈజిప్టులోని కోమ్ ఓంబో గుడిని థర్మాకోల్‌తో చేస్తున్నారు. సోబెక్, హరోయెరిస్ ఇద్దరికీ ఒకటే గుడి కదా. మన లేపాక్షి మాదిరి పెట్టాలా, లేక నడిమధ్య గోడ కట్టి రెండు గుళ్ళు చేయాలా? షీటు 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు.

అనంత_శిల్పం:
రెండూ కాదు సార్. లేపాక్షిలో పాపనాశేశ్వరుడు, రఘునాథుడు ఎదురెదురుగా ఉంటారు. కోమ్ ఓంబోలో గర్భగుళ్ళు పక్కపక్కనే ఉండి ఒకే దిక్కుకు చూస్తాయి. గుడికి ఎదురుగా నిలబడితే కుడి సగం మొసలి తల సోబెక్‌ది, ఎడమ సగం డేగ తల హరోయెరిస్‌ది. మండపాలు ఉమ్మడి, మధ్యలో గోడ లేదు. వాకిళ్ళు మాత్రం జంటలు.

అసలు కిటుకు స్తంభాల లెక్కలో ఉంది. ఈజిప్టు గుళ్ళలో మామూలుగా నడిమధ్య దారి ఖాళీగా ఉంటుంది. ఇక్కడ మండపాల్లో వరుసకు ఐదు స్తంభాలు, మూడోది సరిగ్గా నడిగీత మీద. దానికి అటొక దారి, ఇటొక దారి. పిల్లలు నాలుగో ఆరో పెట్టారంటే మధ్యలో ఒకే దారి వచ్చేస్తుంది, ఇద్దరు దేవుళ్ళ గుడి అనే సంగతే పోతుంది.

ప్రాంగణంలో 16, బయటి మండపంలో 15 (ముందు ఐదూ గుడి ముఖమే, వాటి నడుమ సగమెత్తు అడ్డుగోడలు), లోపలి మండపంలో 10. మొత్తం 41. ఆ తర్వాత అడ్డంగా మూడు గదులు, చివర గర్భగుళ్ళు.

నంద్యాల రోడ్డు:
మొదట పొడవునా నడిగీత గీయించండి. 60 సెంటీమీటర్ల వెడల్పులో స్తంభాల గుర్తులు 14, 22, 30, 38, 46 దగ్గర పెడితే సరిపోతుంది. న్యూస్‌పేపర్ చుట్టి 2.5 సెంటీమీటర్ల లావు చేయండి. బయటి మండపానికి 14 సెంటీమీటర్ల ఎత్తు, లోపలిదానికి 11. లోపలికి పోయేకొద్దీ నేల లేవాల, కప్పు దిగాల, కాబట్టి ఒక్కో గదికి పలుచని అట్ట ఒకటి అదనంగా పరవండి.

స్ప్రే పెయింట్ వద్దే వద్దు, అందులోని ద్రావకం థర్మాకోల్‌ను తినేస్తుంది. పోస్టర్ కలర్ వాడండి. ఫెవికాల్ రెండు షీట్ల నడుమ గాలి తగలక ఆలస్యంగా ఆరుతుంది, అంతవరకు టూత్‌పిక్‌లు గుచ్చి ఉంచాల. అసలు గుడి ఇసుకరాయిది. ఫెవికాల్ పూసి జల్లించిన ఇసుక చల్లితే ఆ రంగు వస్తుంది. కడప బండ నలుపు దీనికి నప్పదు.

కడప_సోషల్ టీచర్:
గర్భగుళ్ళ మధ్య గోడ ఒకటా, రెండా? చుట్టూ ఇంకేం చూపించాల?

అనంత_శిల్పం:
రెండు గోడలు పెట్టి, నడుమ సెంటీమీటరున్నర సందు వదలండి. అక్కడ రహస్య మార్గం ఉంది. అర్చకులు అందులోనుంచి దేవుడి మాటగా జవాబు చెప్పేవారని పండితులు భావిస్తారు. పైకప్పు తీసి చూపించగలిగితే పిల్లలకు దీనంత ఆసక్తి కలిగించేది ఇంకోటి లేదు.

ఎడమ పక్క నైలు వరద మట్టం కొలిచే గుండ్రటి బావి పెట్టండి. కుడి పక్క ప్రాంగణం దగ్గర హాథోర్ అనే దేవత చిన్న మందిరం. ఇది రోమన్ చక్రవర్తి డొమిషియన్ కాలానిది, మొసలి మమ్మీలను చాలాకాలం ఇక్కడే ఉంచారు. ఇప్పుడు వాటికి పక్కనే మ్యూజియం ఉంది.

చీటీలో "ఆరో టోలెమీ మొదలుపెట్టాడు, పన్నెండో టోలెమీ బయటి మండపం కట్టించాడు, రోమన్ చక్రవర్తుల కాలంలో శిల్పాలు చేర్చారు" అని రాయించండి (టోలెమీలంటే ఈజిప్టును ఏలిన గ్రీకు వంశపు రాజులు). ఒక్క రాజు పేరే రాస్తే తప్పవుతుంది. నేటి రూపం చేస్తున్నట్లయితే ప్రాంగణం స్తంభాలను విరిగిన మొదళ్ళుగానే వదలండి, ముందు గోపురద్వారం చాలావరకు నైలు కోతకు పోయింది.