రైవతుడు పాట విన్నది క్షణమా, గడియా?

కావలి నుంచి:
ఆరు, ఏడు తరగతుల పిల్లల కోసం రైవత కకుద్మి కథను సైన్స్ ఫిక్షన్‌గా మారుస్తుంటే రెండు మాటలు తేలడం లేదు. కూతురు రేవతికి తగిన వరుడెవరో అడగడానికి ఈ కుశస్థలి రాజు బ్రహ్మసభకు పోతాడు. గంధర్వగానం ముగిసేదాకా ఆగుతాడు. అంతలో భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోతాయి. ఆగింది ఎంతసేపు? భాగవతంలో క్షణం, విష్ణుపురాణంలో ముహూర్తం. ఇక టైమ్ డైలేషన్‌ను, అంటే వేగం వల్లో గురుత్వం వల్లో ఒకచోటి గడియారం ఇంకోచోటి దానికంటే వెనకబడటాన్ని, ‘కాలం సాగింది’ అనవచ్చా?

నెల్లూరు నుంచి:
‘గడియ’ వాడండి అన్నా, లెక్క దానికే కుదురుతుంది. బ్రహ్మకు పగలు 1000 మహాయుగాలు. పగటికి 30 గడియలు, అంటే గడియకు 33 మహాయుగాల పైచిలుకు. 27 మహాయుగాలకు 48 విఘడియలు (గడియ 24 నిమిషాలు, అందులో అరవయ్యో వంతు విఘడియ) దాటుతుంది, మన గడియారంలో పందొమ్మిదిన్నర నిమిషాలు. ఒక కీర్తన తీరిగ్గా పాడే సమయం! ముహూర్తమైతే రెండు గడియలు, 66 మహాయుగాలు దాటిపోతాయి. చాలామంది తప్పేది ఒక్కచోటే: 1000 మహాయుగాలను పగలూ రాత్రీ కలిపి 24 గంటలనుకుంటారు. అప్పుడు 39 నిమిషాలొస్తుంది. మహాయుగం 43,20,000 ఏళ్లు కాబట్టి భూమ్మీద గడిచింది 11,66,40,000 ఏళ్లు.

ఒంగోలు నుంచి:
‘కాలం సాగింది’ మాత్రం వద్దండీ. తెలుగులో దానికి కాలం గడిచింది అనే అర్థం. ‘సాగదీశారు’ అంటే ఇంకా చేటు, పని తేల్చకుండా నాన్చారని. పాఠ్యపుస్తకాల్లో ఇనుము వేడికి పెరగడాన్ని వ్యాకోచం అంటారు గనక ‘కాల వ్యాకోచం’ పిల్లలకు అందుతుంది. అయినా అది చివర పెట్టే వివరణలోనే ఉండాలి. కథలో ఆ పేరే అక్కర్లేదు, ‘సభలో గడియారం వెనకబడింది’ చాలు. అదీ బయటినుంచి చూసేవాళ్ల మాటగానే రావాలి. రేవతి నోట ‘ఇక్కడ కాలం మెల్లగా నడుస్తా ఉంది నాన్నా’ అనిపిస్తే సైన్స్ తప్పు. ఆమె గుండె, ఆమె చేతి గడియారం, గంధర్వుల తాళం అన్నీ ఒకే తీరున నడుస్తాయి. తేడా తెలిసేది తిరిగొచ్చి పోల్చుకున్నప్పుడే.

కావలి నుంచి:
గడియ అంటే మా పిల్లలకు తలుపు గడియే తెలుసు. ఇంకొకటి, రాజును వేగంగా పోయే రాకెట్‌లో పంపితే చాలదా?

నెల్లూరు నుంచి:
తలుపు గడియతో తికమక రాకుండా మొదటి పేజీలోనే గడియకుడుకను చూపండి. అడుగున సన్నని చిల్లున్న గిన్నె, నీళ్లమీద పెడితే 24 నిమిషాలకు మునుగుతుంది, అదే ఒక గడియ. చిల్లులో నలక పడితే ఆలస్యంగా మునుగుతుంది. ‘గడియారం తప్పిందా, కాలమే వేరా?’ అన్న సందేహాన్ని కథలో పుట్టించడానికి ఇది భలే పనికొస్తుంది.

రాకెట్ అంటే, వేగంతో వచ్చే తేడా ప్రయాణంలోనే వస్తుంది. ఇక్కడ రాజు సభలో నిలబడి ఉన్నాడు, అప్పుడు గడిచాయి యుగాలు. కాబట్టి కృష్ణబిలం (బ్లాక్ హోల్) అంచున సభ కట్టండి, బలమైన గురుత్వం దగ్గర గడియారం వెనకబడుతుంది. మనవైపు పిల్లలకు శ్రీహరికోట ఎలాగూ తెలుసు. 2013 జులై 1న జీపీఎస్ లాగే దారి చూపే మన మొదటి నావిక్ ఉపగ్రహం అక్కణ్ణించే ఎగిరింది. దారి చూపే ఉపగ్రహాల్లో ఈ తేడా నిజంగానే దిద్దాలి. జీపీఎస్ గడియారం వేగం వల్ల రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడి, గురుత్వం తగ్గడం వల్ల 45 ముందుకు పోతుంది. మిగిలేది 38 ముందు. దిద్దకపోతే ఒక్క రోజులో దూరం లెక్క 10 కిలోమీటర్ల దాకా తప్పుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: ఉపగ్రహంలో గడియారం ముందుకు పోతుంది, సభలో వెనకబడుతుంది. రెండూ కలిపేస్తే కథ తలకిందులే.

ఒంగోలు నుంచి:
తిరిగొచ్చాక రేవతి బాగా పొడుగని వరుడైన బలరాముడు నాగలి కొనతో ఆమెను వంచాడని విష్ణుపురాణం. దాన్ని కాల వ్యాకోచానికి ముడిపెట్టకండి, సంబంధం లేదు. తరతరాలకు మనుషులు పొట్టివాళ్లయ్యారని వదిలేస్తే చాలు. ఇక ఆ ఘట్టానికి నా వాక్యం ఇదీ, నచ్చితే వాడుకోండి: ‘కుడుక ఇంకా మునగలేదు. కుశస్థలిలో రేవతిని ఎరిగినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు.’